పీటర్ ఓటూల్‌కి ఎనిమిది నామినేషన్లు, ఒక్క ఆస్కార్ కూడా గెలవలేదు: తప్పు తాగుడిదా, అకాడమీదా?

నేల_టికెట్:
నిన్న రాత్రి లారెన్స్ ఆఫ్ అరేబియా మళ్లీ చూశాను. మూడు గంటల నలభై నిమిషాలు. పడుకునేసరికి రెండు దాటింది, ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నా. ఇంత నటుడికి 1962 సినిమా నుంచి 2006 సినిమా దాకా ఎనిమిదిసార్లు ఉత్తమ నటుడి నామినేషన్ వచ్చింది, ఒక్కసారీ గెలవలేదు, మధ్యలో 2003లో గౌరవ ఆస్కార్ అని ఒకటి చేతిలో పెట్టి పంపారు. ఎవరికైనా కోపం వస్తే రానీండి, నేను మాత్రం అకాడమీని తిట్టను. ఇది మనిషి చేజేతులా చేసుకున్నది. ముప్పై ఏళ్లకే ప్రపంచమంతా తెలిసిన మొహం, 1963లో లండన్‌లో నేషనల్ థియేటర్ మొదలైతే మొట్టమొదటి నాటకంలో హ్యామ్లెట్ వేసింది ఈయనే, దర్శకుడు సాక్షాత్తు లారెన్స్ ఒలివియే. అలాంటివాడు నలభై దాటేసరికి ఎక్కడున్నాడు? సీసాలో. పక్కనే రిచర్డ్ బర్టన్, అదే కథ. ఇద్దరూ బెకెట్‌లో కలిసి చేశారు, ఇద్దరికీ అదే సినిమాకి నామినేషన్, ఇద్దరూ ఓడిపోయారు, ఇద్దరూ తాగారు. బర్టన్‌కి మొత్తం ఏడు, ఈయనకి ఎనిమిది. కాదంటారా?

పాత_రీళ్లు:
కాదంటాను నేల టికెట్ గారూ. ఎవరి చేతిలో ఓడిపోయాడో ఒక్కసారి చూడండి, తర్వాత సీసా సంగతి మాట్లాడుకుందాం.

లారెన్స్ ఏడాది గెలిచింది గ్రెగరీ పెక్, టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్‌లో నీతిమంతుడైన లాయర్ వేషం. అమెరికావాళ్లకి ఆ పాత్ర ఇంట్లో మనిషితో సమానం, ఎవరు నిలబడినా ఓడిపోయేవాళ్లే. లారెన్స్ సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా. రానిది ఆ సినిమా మొత్తాన్ని భుజాన మోసినవాడికే. బెకెట్ ఏడాది రెక్స్ హారిసన్, మై ఫెయిర్ లేడీ. ఆయన అదే ప్రొఫెసర్ పాత్రని అంతకుముందే స్టేజి మీద ఏళ్ల తరబడి వేసి వేసి ఉన్నాడు, పైగా ఒకే సినిమాలోంచి ఇద్దరు హీరోలు పోటీలో ఉంటే ఓట్లు చీలకుండా ఉంటాయా. గుడ్‌బై మిస్టర్ చిప్స్ ఏడాది కౌబాయ్ సినిమాల జాన్ వేన్, ట్రూ గ్రిట్‌లో కంటికి గంత కట్టుకుని. అది ఒక్క పాత్రకి ఇచ్చింది కాదు, జీవితమంతా గుర్రమెక్కినందుకు ఇచ్చింది. రూలింగ్ క్లాస్ ఏడాది బ్రాండో, గాడ్‌ఫాదర్, ఆయనేమో నాకొద్దు పొమ్మన్నాడు! స్టంట్ మ్యాన్ ఏడాది రేజింగ్ బుల్ డి నీరో. మై ఫేవరెట్ ఇయర్ ఏడాది ఎవరో మనకి చెప్పక్కర్లేదు, బెన్ కింగ్స్‌లీ, గాంధీ. చివరికి వీనస్ ఏడాది ఫారెస్ట్ విటేకర్, ఉగాండా నియంత ఇదీ అమీన్‌గా.

వీళ్లలో బ్రాండోనో డి నీరోనో తప్పని నేను కూడా అనను. కానీ లయన్ ఇన్ వింటర్ ఏడాది క్లిఫ్ రాబర్ట్‌సన్, చార్లీ అనే సినిమాకి. ఓట్ల కోసం పత్రికల్లో ప్రకటనలు గుప్పించారని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. ఇవాళ ఆ సినిమా ఎంతమంది చూస్తున్నారు? ఇక్కడ మాత్రం నోటి దాకా వచ్చిన ముద్దని లాక్కున్నారు, అంతే.

డల్లాస్_బాబాయ్:
గాంధీ చేతిలో ఓడిపోతే ఏ ఇండియనూ ఈయన తరఫున కేసు వేయడు లెండి 😀

తెరవెనక:
మీరిద్దరూ ఆస్కార్ల చుట్టూనే తిరుగుతున్నారు. నేను ఇరవై ఏళ్లు పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ని, నా లెక్క వేరు.

ఈయన గుర్రప్పందేల దగ్గర బుకీ కొడుకు. లీడ్స్‌లో పేపరాఫీసులో పనిచేసి, నేవీలో చేరి, తర్వాత లండన్‌లో రాడా అనే నటన స్కూల్లో స్కాలర్‌షిప్ మీద చదివాడు. క్లాస్‌మేట్లు ఆల్బర్ట్ ఫిన్నీ, అలన్ బేట్స్. అది కాదు అసలు విషయం. 1955 నుంచి 58 దాకా బ్రిస్టల్ ఓల్డ్ విక్ అనే నాటక సంస్థలో ఉన్నాడు. కొన్ని వారాలకో కొత్త నాటకం, ఒక రాత్రి రాజు, ఇంకో నాటకంలో రెండు ముక్కలు మాట్లాడి పోయే సైడ్ వేషం. మూడేళ్లలో డెబ్బైకి పైగా పాత్రలు. 1960లో షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో మర్చంట్ ఆఫ్ వెనిస్ నాటకంలో షైలాక్ వేస్తే జనం విరగబడి చూశారు. మైకు లేని రోజుల్లో పద్యం ఎత్తుకుని వెనక బెంచీ దాకా వినిపించిన మన నటులకి ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలిసేది చూడండి, ఆ విద్య ఈయన దగ్గర ఉంది. లయన్ ఇన్ వింటర్‌లో అరుస్తాడు కదా, ఆ అరుపు ఒక్క గొంతులోంచి రావట్లేదు, బొడ్డు దగ్గర మొదలవుతుంది. అప్పటికి ఆయనకి 36, వేసింది యాభై ఏళ్ల రాజుని, ఎదురుగా అరవై దాటిన క్యాథరిన్ హెప్‌బర్న్ భార్యగా. వయసు తేడా ఎక్కడైనా కనపడిందా? ఇంకో సంగతి, బెకెట్‌లోనూ ఇందులోనూ వేసింది ఒకే రాజుని, ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీని. కుర్రతనంలో ఒకసారి, ముసలితనంలో ఒకసారి, రెండిటికీ నామినేషన్.

లారెన్స్ కోసం స్ట్రాట్‌ఫర్డ్ కంపెనీని మధ్యలో వదిలేసి పోయాడు. నా బాధ అది. తాగుడు కాదు, అకాడమీ కాదు, సినిమా ఆయన్ని ఎత్తుకుపోయింది.

నేల_టికెట్:
తెరవెనక గారూ, మీరు చెప్పింది బాగుంది కానీ 1980 మ్యాక్‌బెత్ మాట దాటేశారు. సినిమా ఎత్తుకుపోయిందన్నారు, మరి తిరిగొచ్చి ఏం చేశాడు? లండన్ ఓల్డ్ విక్ థియేటర్‌లో రాజుని చంపి బయటికొచ్చే సీనులో తల నుంచి కాళ్ల దాకా రక్తం కారుతూ నిలబడి, పని అయిపోయిందని చెప్తే హాలంతా నవ్విందట. సంస్థ నడిపే టిమోతీ వెస్ట్ స్వయంగా ఈ నాటకంతో నాకు సంబంధం లేదన్నట్టు మాట్లాడాడు.

తెరవెనక:
దాటెయ్యలేదండీ, మీరు అడుగుతారనే ఆగాను. విమర్శకులు చీల్చి చెండాడారు, నిజం. టికెట్లు మాత్రం దొరకలేదు, అదీ నిజం. లండన్‌లోనూ నిండింది, ఊళ్లు తిరిగితే అక్కడా నిండింది. ఎంత ఘోరంగా ఉందో చూద్దామని కొందరు వచ్చే ఉంటారు, ఒప్పుకుంటా. కానీ తిట్లు పేపర్లో చదువుకుని మర్నాడు రాత్రి మళ్లీ అదే రక్తం పూసుకుని అదే మెట్లు దిగాడు చూడండి, ఆ తెగువ సీసాలో ఉన్నవాడికి ఉండదు. ఒకసారి నేను డైలాగు మర్చిపోతే జనం ఈల వేశారు. రెండో రోజు జ్వరం అని అబద్ధం చెప్పి పడుకున్నాను. అందుకే నాకు ఆ మ్యాక్‌బెత్ మీద చిన్నచూపు లేదు.

పాత_రీళ్లు:
నేల టికెట్ గారి వాదనలో అసలు తేదీలే కలవట్లేదు. ఆయన పొట్టకి పెద్ద ఆపరేషన్ అయింది 1970ల మధ్యలో, చావు అంచు దాకా వెళ్లొచ్చాడు, తాగుడు అక్కడితో చాలావరకు ఆగింది. మరి స్టంట్ మ్యాన్, మై ఫేవరెట్ ఇయర్, వీనస్, ఎనిమిదిలో మూడు ఆ తర్వాతవే కదా. తాగుడే అడ్డమైతే మానేశాక రావాలి, రాలేదు. తాగిన రోజుల్లో అయిదు నామినేషన్లు వచ్చాయి. ఇందులో సీసా పాత్ర ఏమిటో నాకైతే లెక్క తేలట్లేదు.

ఇంకో తమాషా. 1989లో జెఫ్రీ బెర్నార్డ్ ఈజ్ అన్‌వెల్ అని నాటకం. లండన్ సోహోలో ఒక పబ్బులో రాత్రంతా ఇరుక్కుపోయిన తాగుబోతు జర్నలిస్టు వేషం. అందులో ఒక కోడిగుడ్డు విద్య ఉంటుంది. పెద్ద గ్లాసు నిండా నీళ్లు, దాని మీద బిస్కట్ డబ్బా మూత, మూత మీద అగ్గిపెట్టె తొడుగు నిలబెట్టి, దాని మీద పచ్చి గుడ్డు. చెప్పు తీసి మూతని ఒక్క దెబ్బ కొడితే మూత ఎగిరిపోవాలి, గుడ్డు పగలకుండా నీళ్లలో పడాలి. ప్రతి రాత్రి, జనం ముందర, ఎడిటింగ్ లేదు, రెండో టేక్ లేదు. వణికే చేతులతో అయ్యే పనేనా?

నేల_టికెట్:
గుడ్డు సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ 1972కీ 1980కీ మధ్య ఆ ఎనిమిదేళ్లు? నలభై నుంచి నలభై ఎనిమిది, ఏ నటుడికైనా పంట చేతికొచ్చే వయసు. ఆ మధ్యలో వచ్చినవాటిలో చెప్పుకోవడానికేముంది, క్యాలిగ్యులానా? దానికి ఎవర్ని అడగాలి, అకాడమీనా? మన ఎస్వీ రంగారావు గారికి పద్మ అవార్డు రాలేదంటే మనం ప్రభుత్వాన్ని అంటాం, సరే. ఇక్కడ ఆ ఖాళీని మాత్రం నేను ఆయన ఖాతాలోనే రాస్తాను.

పాత_రీళ్లు:
రాయండి. ఆ ఎనిమిది ఓటములకి అది సమాధానం కాదు.

డల్లాస్_బాబాయ్:
నవ్వుకి ఒక మాట అని పోదామనుకున్నా గానీ గౌరవ ఆస్కార్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. ముందు ఆయన వద్దన్నాడు బాబూ. అప్పటికి డెబ్బై. నేనింకా ఆటలోనే ఉన్నాను, నేరుగా గెలుచుకునే అవకాశం ఉంది, ఎనభై వచ్చేదాకా ఆగరా అని అకాడమీకి ఉత్తరం రాశాడు. మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి ముందే శాలువా కప్పేస్తే ఎలా ఉంటుందో అలా అనిపించి ఉంటుంది. చివరికి వచ్చాడు, మెరిల్ స్ట్రీప్ చేతుల మీదుగా తీసుకున్నాడు, ఎప్పుడూ తోడిపెళ్లికూతురినే అంటారు గానీ ఇదిగో చూడండి అన్నట్టు మాట్లాడి అందర్నీ నవ్వించాడు. ఆ శాలువా కప్పి నాలుగేళ్లు నిండకముందే వీనస్‌తో మళ్లీ నామినేషన్! ఉత్తరంలో రాసిన మాట నిజమే అయింది, గెలుపొక్కటే రాలేదు. నన్నడిగితే ఆ గౌరవ ఆస్కారే దెబ్బ కొట్టింది. ఓటు వేసేవాడు ఆలోచించడా, ఆల్రెడీ ఒకటి ఇచ్చాం కదా అని.

తెరవెనక:
వీనస్‌లో ఒక సీను కోసమైనా అందరూ చూడండి. కోవెంట్ గార్డెన్‌లో నటుల చర్చి ఉంది, గోడల నిండా పోయిన నటుల పేర్ల పలకలు. ఇద్దరు ముసలి నటులు, ఈయన, లెస్లీ ఫిలిప్స్, ఆ పేర్లు చదువుకుంటూ చదువుకుంటూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెల్లగా డాన్స్ చేస్తారు. ఏడుపు మ్యూజిక్ లేదు, ఉపన్యాసం లేదు. నేను రెండుసార్లు ఆపి మళ్లీ చూశాను.

నేల_టికెట్:
చూస్తాను. నిన్న నాకు నిద్ర పట్టనివ్వని సీను కూడా చెప్పాలి. అరబ్బులు తెల్లబట్టలు ఇస్తారు కదా, ఒక్కడే పక్కకి వెళ్లి, చేతులు చాపి తన నీడ చూసుకుంటాడు, బాకు తీసి అందులో మొహం చూసుకుంటాడు, కొత్త చొక్కా వేసుకున్న పిల్లాడిలా. సినిమా చివర్లో ఊచకోత అయ్యాక మళ్లీ అదే బాకు, ఈసారి రక్తంతో, మళ్లీ అందులో చూసుకుంటాడు. మొహం అదే, మనిషి వేరు. పెక్ గారంటే గౌరవమే, కానీ ఆ ఒక్క ఏడాది విషయంలో పాత రీళ్లు గారికి ఒప్పేసుకుంటున్నా. ఆ ఖాళీ ఎనిమిదేళ్లు మాత్రం నావే.

పాత_రీళ్లు:
ఒకటి దక్కింది, చాలు. ఆ సినిమాదే ఇంకో ముక్క. ఒంటె జీను మీద కూర్చుని కూర్చుని ఒళ్లు హూనమైతే కింద స్పాంజి ముక్క వేసుకున్నాడట, అది చూసి అక్కడి బెదూయిన్లు స్పాంజి తండ్రి అన్నట్టుగా అరబ్బీలో ఒక పేరు పెట్టారు, తర్వాత వాళ్లూ వేసుకున్నారని చెప్తారు. 2012లో, ఎనభై నిండబోతుండగా రిటైర్ అవుతున్నానని ప్రకటన ఇచ్చాడు చూడండి, అందులో వాడిన మాట కూడా స్పాంజే. బాక్సింగ్‌లో ఓటమి ఒప్పుకునేవాడు రింగులోకి స్పాంజి విసిరేస్తాడు కదా, ఇక నేనూ విసిరేస్తున్నాను, మనసు రావట్లేదు, తిరిగి రాదు కూడా అని రాశాడు. అప్పుడైనా అకాడమీని ఒక్క మాట అనలేదు.

డల్లాస్_బాబాయ్:
మరుసటి ఏడాది డిసెంబరులో పోయాడు. వీనస్ ఏ ఓటీటీలో ఉందో ఎవరైనా చెప్పండి, ఇక్కడ వెతికితే దొరకట్లేదు.