ఏ వయసు దాకా చిన్నపిల్లలంటాం?

పర్లాకిమిడి కోడలు: మావాడికి పదేళ్లండీ, బడినుంచి రాగానే మా అత్తగారు కొట్లో కూర్చోబెట్టి బెల్లం తూచమంటారు చిల్లర లెక్క చూడమంటారు, మేమంతా ఇలాగే పెరిగాం అంటారు, నాకేమో వాడికి బాల్యం లేకుండా చేస్తున్నామేమో అని బెంగ. మీ ఇళ్లల్లో ఎలాగ?

గునుపురం బావ: బెంగెందుకమ్మా, మా గుంటలు వేసవిలో తోటలో జీడిపిక్కలు ఏరతారు, సాయంత్రం అవే పిక్కలు పెట్టి ఆడతారు. పని ఏదో ఆట ఏదో మాకే తెలీదు 😄

రాయగడ మాస్టారు: బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ సొంత కుటుంబం పనిలో సాయపడొచ్చు, చదువు చెడకూడదు, ప్రమాదకరమైన పని అసలు వద్దు. అయినా ఈ వయసు గీత మనం గీసుకున్నదే కదండీ, 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 చాలంది, పెంచుకుంటూ పోయి 1978లో 18 చేశారు.

బరంపురం అక్క: మాస్టారూ చట్టం సరే, మా వీధిలో ఒకే వయసు పిల్లలు, ఆడపిల్లకి అంట్లు మగపిల్లాడికి ఫోను. దీనికేమంటారు? కోడలు గారూ, మీ ఇంట్లో ఆడపిల్లలుంటే వాళ్లనీ కొట్లో కూర్చోబెట్టమనండి.

పర్లాకిమిడి కోడలు: ఆడపడుచు కూతురుందక్కా, ఒడియాలో బేరం ఆడేస్తుంది, మావాడికన్నా స్పీడు. అడిగి చూస్తాను.