‘వేర్ ఆఫ్’ని తెలుగులో ఏమనాలి?

ఇంటర్ చదివే ఒక తమ్ముడు అడిగాడు, ‘ది అనస్థీషియా వోర్ ఆఫ్’ అన్నదాన్ని ‘మత్తుమందు అరిగిపోయింది’ అని రాయొచ్చా అని. వద్దు తమ్ముడూ. వేర్ అంటే అరగడం అని తెలుసు కాబట్టి నీకు అలా తోచింది. కానీ చెప్పులు అరిగిపోతే వేర్ అవుట్ అంటారు. వేర్ ఆఫ్ అంటే మనమీద పనిచేస్తున్న ప్రభావం మెల్లగా తగ్గి పోవడం.

బ్రాడీపేటలో పన్ను పీకించుకుని బయటికొచ్చినవాళ్లని చూడు. పెదవి మొద్దుబారి ఉంటుంది. టీ తాగితే మూతి పక్కనుంచి కారిపోతుంది, కారినట్టు కూడా తెలియదు. రెండు మూడు గంటలకి తిమ్మిరి వదులుతుంది, అప్పుడు తెలుస్తుంది అసలు నొప్పి. ఆ వదలడమే వేర్ ఆఫ్. వదిలేది తిమ్మిరి, మనిషి కాదు. అందుకే ‘ఐ వోర్ ఆఫ్’ అనకూడదు. భూతకాలం ‘వోర్ ఆఫ్’, ‘వేర్డ్ ఆఫ్’ కాదు.

ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట మనకి ఒక్కోదానికి ఒక్కో క్రియ ఉంది. మత్తు దిగుతుంది, తిమ్మిరి వదులుతుంది, కొత్త ఫోను మీద మోజు తీరుతుంది. చీర రంగైతే వెలుస్తుంది, దానికి ఇంగ్లీషులో ఫేడ్ అంటారు. ఈ వెలవడం నాకు మరీ ఇష్టం. రంగు వెలిసింది, వాన వెలిసింది అంటే పోయిందని. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు వెలిసింది అంటే వచ్చి నిలిచిందని. నిఘంటువుల్లో వెలియు, వెలయు వేరువేరు మాటలు. మన నోట్లో రెండూ ఒకటైపోయినా ఎవరూ పొరబడరు.

‘ఫేడ్ అవే’ కూడా ఇదేనా అని ఇంకొకరు అడిగారు. కాదండీ. విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే, కృష్ణ దాటి తాడేపల్లి వైపు పోయే రైలు చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి వినపడకుండా పోతుంది చూశారా, అది ఫేడ్ అవే. జ్ఞాపకాలకీ ఆశలకీ ఇదే వాడతారు. 1951 ఏప్రిల్ 19న అమెరికన్ కాంగ్రెస్‌లో జనరల్ మెకార్థర్ వీడ్కోలు చెబుతూ, ముసలి సైనికులు చనిపోరు, ఫేడ్ అవే అవుతారంతే అన్న పాత సైనికుల పాట మాటని గుర్తుచేశాడు. అక్కడ ‘కనుమరుగవుతారు’ అంటే అతుకుతుంది, ‘దిగిపోతారు’ అంటే అర్థమే చెడుతుంది. నొప్పి ఫేడ్ అవే అవుతుంది, నొప్పి మాత్ర ప్రభావం వేర్ ఆఫ్ అవుతుంది.

తమ్ముడూ, నీ వాక్యం ఆపరేషన్ గురించైతే ‘మత్తు దిగింది’ అని రాయి. పంటి డాక్టరు దగ్గరి సంగతైతే ‘తిమ్మిరి వదిలింది’ అను.