వెంటిలేటర్‌పై ఉన్న రోగికి రాసిన ఫీడ్ పూర్తిగా వెళ్లడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (ఐసీయూ స్టాఫ్ నర్స్):
అందరికీ నమస్కారం. మా ఐసీయూలో వెంటిలేటర్‌పై ఉన్నవారికి రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) ద్వారా ఇవ్వవలసిన ఫీడ్ (ద్రవాహారం) చార్టులో స్పష్టంగానే ఉంటుంది గాని, మర్నాడు ఉదయం లెక్క చూస్తే సగమో, అంతకు కాస్త ఎక్కువో మాత్రమే వెళ్లి ఉంటుంది. స్కాన్‌కు తీసుకెళ్లేటప్పుడు, ట్రకియాస్టమీకి (శ్వాస కోసం గొంతు వద్ద రంధ్రం చేయడం) ముందు, ఆస్పిరేట్ (ట్యూబ్ ద్వారా పొట్ట నుంచి వెనక్కి లాగి చూసే ద్రవం) 150 మి.లీ. వచ్చినప్పుడు ఆపేస్తాం, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు. 60 కిలోల రోగికి ఎంత అవసరం? ఎంత ఆస్పిరేట్ వస్తే ఆపాలి? బంధువులు తెచ్చే రాగి జావ పోయవచ్చా?

జవాబు 1 (ఐసీయూ వైద్యుడు):
సిస్టర్ గారూ, గంటకు ఇన్ని మి.లీ. అని కాకుండా రోజుకు ఇన్ని మి.లీ. అని ఆర్డరు రాయించండి. కిలోకు 25 కేలరీల చొప్పున మీ రోగికి 1500 కేలరీలు కావాలి, మి.లీ.కు ఒక కేలరీ ఉండే ఫీడ్ అయితే 1500 మి.లీ., అంటే గంటకు సుమారు 63. స్కాన్ పేరుతో ఆరు గంటలు ఆగితే, మిగిలిన 18 గంటలకు దాన్ని 83కు పెంచుకునే వీలు డ్యూటీ నర్సుకే ఉండాలి.

అయితే ఇది మొదటి రోజు లెక్క కాదు. షాక్ (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి) అదుపులో ఉంటే 48 గంటలలోపు ఫీడ్ మొదలుపెట్టాలి గాని, తొలి మూడు రోజులు లక్ష్యంలో 70 శాతం దాటవద్దని యూరప్‌లోని క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వెంటిలేటర్‌తో పాటు బీపీ పెంచే మందులపైనా ఉన్నవారిపై ఫ్రాన్స్‌లో జరిగి 2023లో వెలువడిన న్యూట్రిరియా-3 అధ్యయనంలో, తొలి వారం కిలోకు 6 కేలరీలే అందినవారికీ 25 అందినవారికీ మరణాలలో తేడా కనిపించలేదు; పైగా తక్కువ అందినవారే ఐసీయూ నుంచి బయటికి వెళ్లగల స్థితికి ముందుగా చేరుకున్నారు. కాబట్టి తొలి రోజుల లోటుకు కంగారు పడనవసరం లేదు. రెండో వారంలోనూ సగమే వెళుతుంటే మాత్రం ఊరుకోకూడదు.

150 మి.లీ. ఆస్పిరేట్‌కు ఆపవద్దు. ఆరు గంటలలో 500 దాటితే ఆపి వైద్యుడికి చెప్పండి. పొట్ట త్వరగా ఖాళీ అయ్యేందుకు మెటోక్లోప్రమైడ్ గాని ఎరిత్రోమైసిన్ గాని రాస్తారు. వాంతి అయినా, పొట్ట ఉబ్బినా అంకె కోసం చూడకుండా వెంటనే చెప్పాలి. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి.

జవాబు 2 (డైటీషియన్):
రెండు చెంచాల, అంటే సుమారు 20 గ్రాముల పిండితో కాచిన గ్లాసు జావలో ప్రోటీన్ ఒకటిన్నర గ్రాము దాటదు. ఈ రోగికి క్రమంగా చేరవలసినది కిలోకు 1.3 గ్రాముల చొప్పున రోజుకు 78 గ్రాములు. చిక్కగా ఉంటే ట్యూబ్ మూసుకుపోతుంది, పలచన చేస్తే నీళ్లే మిగులుతాయి. ఇంటి నుంచి ఏదో ఒకటి తేవాలన్న బంధువుల ఆరాటాన్ని తప్పుపట్టలేం గాని, ఆ ఫ్లాస్కు ఎన్ని గంటల క్రితం నింపారో మనకు తెలియదు. ఆసుపత్రి కిచెన్‌లో కలిపిన ఫీడ్‌నైనా బయట ఉంచితే నాలుగు గంటలలోపే వాడాలి.

మత్తుమందు ప్రోపోఫాల్ గంటకు 10 మి.లీ. నడుస్తుంటే దాని కొవ్వు నుంచే రోజుకు 264 కేలరీలు అందుతాయి. ఫీడ్ లెక్కలో దాన్ని తీసివేయాలి. చాలా రోజులుగా తిననివారికి, మద్యం అలవాటు ఉన్నవారికి థయామిన్ (విటమిన్ బి1) ముందుగా ఇప్పించి, రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం చూస్తూ ఫీడ్‌ను నెమ్మదిగా పెంచాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. బోర్లా పడుకోబెట్టినప్పుడు కూడా ఫీడ్ ఇవ్వవచ్చా?

జవాబు 1 నుంచి:
ఇవ్వవచ్చు. తిప్పేటంతసేపు ఆపి, ట్యూబ్‌పై గుర్తు జారలేదని చూసుకుని, మంచాన్ని తలవైపు కొంచెం ఎత్తి మొదలుపెట్టండి.