లెస్ పాల్ గిటార్ మళ్ళీ ఎలా బతికింది?

ప్రశ్న: ఆరు నెలలుగా ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో గిబ్సన్ లెస్ పాల్ చూస్తుంటే, కంపెనీ ఒకప్పుడు దీన్ని ఆపేసిందని మా సార్ చెప్పారు. ఇంత మంచి గిటార్‌ని ఎందుకు ఆపారు? మళ్ళీ ఎవరివల్ల వచ్చింది?

జవాబు 1: మీ సార్ చెప్పింది నిజమేనండి. 1952లో వచ్చిన ఈ గిటార్ 1960 నాటికి సరిగ్గా అమ్ముడుపోలేదు. 1961లో రెండు కొమ్ములున్న పల్చటి బాడీకి మారారు, ఇప్పుడు ఎస్‌జీ అంటున్నది అదే. తర్వాత 1966లో బ్రిటిష్ బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ బృందం ఆల్బమ్‌లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పాత సన్‌బర్స్ట్ (మధ్యలో లేత, అంచుల్లో ముదురు రంగు) లెస్ పాల్‌ని మార్షల్ ఆంప్‌కి (శబ్దం పెంచే యాంప్లిఫయర్‌కి) కలిపి గట్టిగా వాయించాడు. హెడ్‌ఫోన్స్‌లో అది మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక్క నోటు పట్టుకుంటే మనిషి గొంతెత్తి పాడినట్టు సాగుతుంది! కుర్రాళ్ళంతా పాత గిటార్ల కోసం వెతకడం మొదలుపెట్టారు.

జవాబు 2: క్లాప్టన్‌కి లెస్ పాల్ మీద ఆశ పుట్టించింది అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ ఫ్రెడ్డీ కింగ్. ఆయన ఆల్బమ్ అట్ట మీద లెస్ పాల్ ఉంటుంది. అమెరికాలో లెస్ పాల్ వాయించిన గిటారిస్ట్ మైక్ బ్లూమ్‌ఫీల్డ్‌ని కూడా మర్చిపోకూడదు. చివరికి 1968లో గిబ్సన్ మళ్ళీ తయారీ మొదలుపెట్టింది. కానీ ముందు తెచ్చింది గోల్డ్‌టాప్ (పైభాగం బంగారు రంగుది), నల్ల రంగు కస్టమ్ అనే మోడళ్ళు. అందరూ కోరుకున్న సన్‌బర్స్ట్ కాదు!

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి. కొనేముందు ఏం చూడాలి?

జవాబు 1: హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే పై చివర) వెనక విరిగి అతికించిన గీత ఉందేమో లైటు వేసి చూడండి. భుజానికి తగిలించుకుని అరగంట నిలబడండి, బరువు తెలుస్తుంది.