మోకాలి రిఫ్లెక్స్‌కి (మోకాలి కింద తట్టగానే కాలు దానంతటదే ఎగరడానికి) మెదడుతో పని లేదంటారు, మరి ఇదెలా?

నమస్కారమండీ. మాది విశాఖ, మద్దిలపాలెం. ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. వచ్చే వారం వైవా, ఈ ఒక్క డౌట్ తేలక టెన్షన్‌గా ఉంది.

మోకాలిచిప్ప కింద టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) మీద కొడితే తొడ ముందు కండరం ఒక్కసారి సాగుతుంది. ఆ కబురు నరం వెనక వేరు గుండా వెన్నుపాములోకి వెళ్లి, ఒకే ఒక్క సినాప్స్ (రెండు నరకణాలు కలిసే చోటు) దాటి, ముందు వేరు గుండా కండరానికి తిరిగొస్తుంది. వెన్నుపాములో నడుముకి చెందిన ఎల్2 నుంచి ఎల్4 భాగాల మధ్యే పని అయిపోతుంది. ఇంతవరకు అర్థమైంది.

నిన్న రాత్రి తమ్ముణ్ణి మంచం అంచున కూర్చోబెట్టి అరచేతి అంచుతో కొట్టి చూశాను (సుత్తి ఇంకా కొనలేదు). కాలు కదిలీ కదలనట్టు ఊగింది. రెండు చేతుల వేళ్లు కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగమన్నాను. ఈసారి వాడు తన్నిన తన్నుకి స్టూలు మీద మజ్జిగ గ్లాసు ఎగిరిపడింది! పుస్తకంలో దీనికి జెండ్రాసిక్ పద్ధతి అని పేరు పెట్టి వదిలేశారు, కారణం రాయలేదు.

బిగించింది చేతులు, వాటి నరాలు వచ్చేది మెడ దగ్గర సీ5 నుంచి టీ1 దాకా. మరి నడుము దగ్గరి మోటార్ న్యూరాన్లు (కండరాన్ని కదిలించే నరకణాలు) ఎలా ఉషారయ్యాయి? వాడి ధ్యాస మళ్లడం వల్లేనా, ఇంకేమైనా ఉందా?

ఇంకోటి. మా అమ్మ కాలిపోతున్న పాలగిన్నెని గట్టు మీద పెట్టేదాకా వదల్లేదు. చెయ్యి దానంతటదే వెనక్కి రావాలి కదా? మెదడు పైనుంచి ఆపిందనుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, ప్లీజ్.