డ్రైవరు లేని కార్ల మీద థ్రిల్లరు: హ్యాకర్ సీను నిలబడుతుందా?

రాతపిచ్చి:
కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ జాతీయ రహదారి మీద నడిచే నవల. కాలం ఇప్పటికి పదేళ్ల తర్వాత. డోన్ దాటాక హ్యాకర్ ఒకడు లాప్‌టాప్‌లో నాలుగు మీటలు నొక్కగానే వంద కార్లు మనుషుల మీదికి తిరుగుతాయి. తెలిసినవాళ్లు చదివితే నవ్వుతారా?

రెండుతీగలు:
నవ్వుతారన్నా. దూరం నుంచి కారును పట్టడం ఉత్తమాటేం కాదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే భద్రతా పరిశోధకులు జీప్ చెరోకీ కారును సెల్ నెట్‌వర్క్ మీదుగా పట్టి చూపించారు. కంపెనీ 14 లక్షల బండ్లు రీకాల్ చేసింది. ఐతే హైవే మీద వాళ్లు చేయగలిగింది ఆక్సిలరేటర్ తొక్కినా బండి లాగకుండా చేయడం. స్టీరింగు రివర్సులో, నెమ్మదిగా పోయేటప్పుడే చిక్కింది.

పాటలు పెట్టే స్క్రీన్ యూనిట్‌లో పోర్టు ఒకటి, అంటే నెట్‌వర్క్ నుంచి లోపలికొచ్చే దారి, తెరిచి ఉండింది. అందులో దూరి, అక్కడి చిప్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి, కాన్ (CAN) లైనులోకి సందేశాలు పంపారు. కాన్ అంటే బండి లోపలి కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు తీగలు. సందేశం ఎవరిదని అక్కడ అడిగేవాళ్లుండరు. ప్రతి సందేశానికీ ఐడీ అని ఒక నంబరుంటుంది, అది ఎంత చిన్నదైతే అంత ముందు దారి. సున్నా ఐడీతో కురిపిస్తే మిగతావన్నీ క్యూలో నిలబడాల్సిందే. ఇప్పటి బండ్లలో మధ్యన గేట్‌వే కాపలా ఉంటుంది, కాబట్టి నాలుగు మీటలు కాదు, నాలుగు నెలలు పెట్టు. వంద కార్లు ఒక్కసారే కావాలంటే, కంపెనీ అప్‌డేట్ మీద వేసే డిజిటల్ సంతకం తాళంచెవి దొంగిలించాల.

లాగ్‌బుక్:
అసలు హ్యాకర్ ఎందుకప్పా? 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో ఉబర్ టెస్టు కారు, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. 5.6 సెకన్ల ముందే సెన్సర్లకు కనపడింది. సాఫ్ట్‌వేరేమో ఒకసారి వాహనం, ఒకసారి ఇంకేదో, ఒకసారి సైకిలు అంటూ పేరు మారుస్తూ పోయింది. పేరు మారినప్పుడల్లా ఆమె కదిలిన జాడ చెరిగి లెక్క మొదటికొచ్చింది. ప్రమాదమని తేలాక కూడా, ఊరికే బ్రేకులు పడకూడదని పెట్టిన ఒక సెకను ఆలస్యం. ఆ కారు వోల్వో, దాంట్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆటోమేటిక్ బ్రేకును ముందే ఆపేసి ఉన్నారు. నీ హైవే మీద 80 స్పీడులో ఐతే ఒక్క సెకనుకు 22 మీటర్లు. నీ నవలలో సైకిలు తీసేసి నెత్తిన గడ్డిమోపున్న మనిషిని పెట్టు.

కందికట్టె:
పై ఇద్దరూ హైవే దిగలేదు. పత్తికొండ వైపు లోపలి రోడ్లకు మళ్లించు, నెల జనవరి. కంది కట్టె రోడ్డు మీద పరిచి పోయే బండ్లతో తొక్కిస్తుంటారు, చుట్టూ రాళ్లు పేర్చి. లేజర్ కాంతితో దూరాలు కొలిచే లైడార్‌కు అది జానెడెత్తు అడ్డం, కారు ఆగిపోతుంది. పక్కకు పోదామంటే రాళ్లు. వెనక ఇంకోటి ఆగుతుంది. రేడియో తరంగాలతో చూసే రాడార్‌ను నమ్ముకోవద్దు, ఆగి ఉన్నవాటి ప్రతిధ్వనులను చాలా సిస్టములు వడకట్టేస్తాయి, లేకుంటే ప్రతి బోర్డుకూ బ్రేకు పడుతుంది. ఫిర్యాదులు ఎక్కువై కంపెనీ అప్‌డేట్ పంపుతుంది: మూరెడు లోపు ఎత్తుండి, కెమెరా ఎండుగడ్డి అంటే, 20 స్పీడులో ఎక్కించి పో. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

రాత్రి కుప్ప పక్కన కాపలా మనిషి కంబళి కప్పుకుని పడుకుంటాడు. ఆ ఎత్తూ మూరెడు లోపే.

రాతపిచ్చి:
హ్యాకర్‌ను కథలోంచి తీసేసినాను. కంబళి మీద కందిపొట్టు పడుంటే కెమెరా దాన్నీ గడ్డే అంటుందా?

కందికట్టె:
అనొచ్చు. ఒంటి వేడిని పట్టే థర్మల్ కెమెరా ఉంటే బయటపడేది. మొదటి మోడల్‌లో ఉండేది, ఖర్చని తీసేశారని రాయి.