అప్‌డేట్: ఈకలు పీక్కుంటున్న మా కాకటీల్

రెండు నెలల క్రితం అడిగాను, మా కాకటీల్ (చిలుకల జాతికి చెందిన చిన్న పెంపుడు పక్షి) ఛాతీ మీద ఈకలు పీకేసుకుంటోంది, ఏం చేయాలని. కొబ్బరినూనె రాయమన్నవాళ్లకు దండం. రాయలేదు, మంచిదైంది, నూనెకి ఈకలు అతుక్కుపోతాయట.

అమలాపురం నుంచి రాజమండ్రి తీసుకెళ్లి పక్షుల డాక్టర్‌కి చూపించాం. తల మీద ఈకలు బాగానే ఉన్నాయి కాబట్టి ఇది తన ముక్కుతో తనే పీక్కోవడమే అన్నారు, తలకి ముక్కు అందదు కదా. పేలు లేవు. రెట్ట పరీక్షలో జియార్డియా అనే పేగుల్లో ఉండే పరాన్నజీవి కూడా లేదు. కాకటీల్స్‌కి దాని వల్ల దురద వస్తుందట.

చివరికి తేలింది మా ఇంటి తప్పే. తిండి ఒట్టి గింజలు, అంటే విటమిన్ ఎ దాదాపు లేనట్టే. రాత్రి పదకొండు దాకా టీవీ పక్కనే పంజరం. పైగా దోమల చక్రం పొగ! కోనసీమలో దోమల సంగతి చెప్పాలా?

ఇప్పుడు దోమతెర కట్టాం. ఏడింటికల్లా పంజరం చీకటి గదిలోకి వెళ్తుంది. మునగాకు, క్యారెట్ మెల్లగా అలవాటైంది. పీకడానికి కొబ్బరాకు ముక్కలు వేలాడదీస్తే వాటి మీదే పడుతోంది. ఛాతీ మీద కొత్త ఈకల మొలకలు వచ్చాయి. ఎడమ రెక్క కింద మాత్రం ఇంకా బోడిగానే ఉంది. కుదుళ్లు దెబ్బతింటే అక్కడ రాకపోవచ్చన్నారు.